అత్త కొట్టిన కుండ

మా షాపులో నేల మీద ఒక పసుపు గీత ఉండేది. ఒహాయోలో నలభై మంది పనిచేసే మెషిన్ షాపు అది. గీతకి ఇవతల ట్రాక్టర్ పంపులకీ, ఆస్పత్రి మంచాలకీ విడిభాగాలు చేసేవాళ్ళం. అవతల, ప్లాస్టిక్ తెర వెనక, మూడు మెషిన్లు ఉండేవి. వాటి మీద ఏం తయారవుతుందో ఎనిమిదేళ్ళపాటు నాకు తెలియదు. హెచ్‌-1బీ మీద ఉన్న విదేశీయుణ్ణి కాబట్టి ఆ ఆయుధ భాగాల డ్రాయింగులు నేను చూడకూడదు. చూశానంటే, నేను కుర్చీలోంచి లేవకపోయినా సరే, ఆ డ్రాయింగ్ ఇండియాకి ఎగుమతి అయిపోయినట్టే చట్టం దృష్టిలో. ఖర్మకొద్దీ కాఫీ మెషిన్ కూడా గీతకి అవతలే ఉండేది. ఎవరో ఒకరు కప్పు తెచ్చి ఇచ్చేవాళ్ళు.

గ్రీన్‌కార్డు వచ్చిన నెల తిరక్కుండానే మా ఓనరు నన్ను పిలిచి, క్వాలిటీ పనితో పాటు ఎగుమతి నిబంధనల వ్యవహారం కూడా నువ్వే చూసుకోవాలన్నాడు. నిన్నటిదాకా గీత దాటనివ్వని మనిషినే ఇవాళ గీతకి కాపలా పెట్టారన్నమాట. జీతం పెరిగింది కొంచెం, టెన్షన్ పెరిగింది చాలా.

ఆ పనిలో ఆరేళ్ళున్నాను. ఆయుధాల ఎగుమతి నిబంధనలు ఉండకూడదని నేననను. రాత్రిపూట చూపునిచ్చే కళ్ళద్దాలు, క్షిపణికి దారి చెప్పే చిప్పులు ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పడకూడదు. నా పేచీ అంతా ఆ నిబంధనలు ఎవరి మీద ఎలా పడతాయన్న దాని మీదే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు మనవాళ్ళు. కుండ ఒకటే, పగలడమూ ఒకటే.

ముందు నిబంధనల సంగతి. అమెరికాలో దీనికి మూలం 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం. దాని కింద విదేశాంగ శాఖ నడిపే నిబంధనలని అందరూ ‘ఐటార్’ అంటారు. తుపాకుల నుంచి అంతరిక్ష నౌకల దాకా 21 తరగతుల జాబితా ఉంటుంది. ఆ జాబితాలోకి వచ్చే ముక్క ఒక్కటి చేసినా, జన్మలో ఎప్పుడూ ఎగుమతి చేయకపోయినా, విదేశాంగ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకుని ఏటా రుసుము కట్టాలి. కనీస రుసుము చాలా ఏళ్ళు 2,250 డాలర్లు ఉండేది, 2025 జనవరిలో 3,000 చేశారు. తప్పు జరిగితే ఒక్కో ఉల్లంఘనకి సివిల్ జరిమానా 12 లక్షల డాలర్లు దాటి వేయొచ్చు. కావాలని చేశారా, పొరపాటున చేశారా అన్న ప్రశ్న అక్కడ రాదు. తెలిసి, కావాలని చేశారని తేలితే అది క్రిమినల్ కేసు, 20 ఏళ్ళ దాకా జైలు. కాగితం మీద ఇదంతా అందరికీ ఒక్కటే. లక్షన్నర మంది పనిచేసే కంపెనీకీ, మా నలభై మందికీ.

ఇక మా కుండ కథ. మా కొనుగోళ్ళ కుర్రాడు ఒక బ్రాకెట్ డ్రాయింగుని ప్లేటింగ్ చేసేవాళ్ళకి కొటేషన్ కోసం ఈమెయిల్ చేశాడు. ఆరుగురికి పంపితే, అందులో ఒక అడ్రసు తైవాన్‌లోని సేల్స్ ఆఫీసుది. డ్రాయింగ్ మీద ‘ఎగుమతి నియంత్రణ ఉంది’ అన్న ముద్ర లేదు. దాన్ని మాకు పంపిన పెద్ద కంపెనీ వెయ్యడం మర్చిపోయింది. మూడు వారాల తర్వాత ఫైలు సర్దుతుంటే నా కంటబడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్రాకెట్ అంటే ఏదో అనుకునేరు, అరచేతిలో పట్టే అల్యూమినియం ముక్క.

ఇలాంటప్పుడు ‘మా వల్ల ఈ తప్పు జరిగింది’ అని మనంతట మనమే ప్రభుత్వానికి చెప్పుకునే పద్ధతి ఒకటుంది. చెప్పుకుంటే దయ చూపిస్తారు. చెప్పుకోవడానికి లాయరు కావాలి. ఈ చట్టం తెలిసిన లాయర్లు వాషింగ్టన్‌లో ఉంటారు, వాళ్ళ గంట రేటు మా షాపులో మనిషి వారం జీతం. మూడు నెలల లాభం అందులో పోయింది. ఆ ఏడాది కొనాల్సిన కంప్రెసర్ కొనలేదు. అందరం కలిసి ఫోన్ మీటింగ్ పెట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఆ పెద్ద కంపెనీ వైపు నుంచి ఏడుగురు లైన్లోకి వచ్చారు, అందరూ ఎగుమతి నిబంధనల విభాగం వాళ్ళే. ఒక్కొక్కరూ పేరూ హోదా చెప్పుకునేసరికి ఐదు నిమిషాలు పట్టింది. మావైపు ఓనరూ నేనూ. ఆయన ఫోన్ మ్యూట్ చేసి నా వైపు తిరిగి, “ఇంతమంది కలిసి ఒక్క ముద్ర వెయ్యలేకపోయారా?” అన్నాడు.

పదకొండు నెలల తర్వాత రెండు పేరాల ఉత్తరం వచ్చింది. ఏ చర్యా లేకుండా కేసు మూసేస్తున్నామని. నిజం చెప్పాలంటే ఇలా చెప్పుకున్నవాటిలో చాలా వాటికి ఇలాగే ముగింపు పడుతుంది. కాబట్టి ప్రభుత్వం మమ్మల్ని నలిపేసిందని అనలేను. మమ్మల్ని నలిపింది ఆ పదకొండు నెలలు. ఈలోగా రెండు ఆర్డర్లు పోయాయి. ఆ కుర్రాడు ఎవరూ ఏమీ అనకముందే ఉద్యోగం మానేశాడు. ఆ ఏడుగురికి మాత్రం అది మంగళవారం నాటి మీటింగుల్లో ఒకటి.

అప్పటి నుంచి పాత కేసులు చదవడం ఒక పిచ్చిలా పట్టుకుంది.

అన్నిటికన్నా ముందు చదివింది ఐటీటీ అనే అమెరికా కంపెనీ కేసు. వర్జీనియాలోని రోనోక్‌లో సైన్యానికి రాత్రి చూపు కళ్ళద్దాలు తయారుచేసే విభాగం వాళ్ళకుండేది. చవగ్గా వస్తాయని కొన్ని భాగాల పని బయటికిస్తూ, వాటి సాంకేతిక సమాచారాన్ని లైసెన్సు లేకుండా చైనాకీ, సింగపూర్‌కీ, బ్రిటన్‌కీ పంపింది. మా బ్రాకెట్ లాంటి వ్యవహారం కాదిది, అమెరికా సైన్యం తన ప్రత్యేక బలంగా చెప్పుకునే పరిజ్ఞానం. కంపెనీ దర్యాప్తుని సాగదీసి కాలదోషం పట్టించాలని చూసిందని ప్రాసిక్యూటర్లే అన్నారు. 2007 మార్చిలో నేరం ఒప్పుకుంది. ఈ చట్టం కింద క్రిమినల్ నేరం రుజువైన మొదటి పెద్ద రక్షణ కాంట్రాక్టరు అదే. జరిమానా మొత్తం 10 కోట్ల డాలర్లని పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి.

ఆ 10 కోట్లని విడగొట్టి చూస్తే కథ వేరు. అందులో సగం, అంటే 5 కోట్లు, ప్రభుత్వానికి కట్టక్కర్లేదు. అంతకన్నా మెరుగైన రాత్రి చూపు కళ్ళద్దాల పరిశోధనకి ఐదేళ్ళలో ఖర్చు పెడితే చాలు, చెల్లు. వీధి చివర కొట్టువాడు దొంగ తూకం వేసి పట్టుబడితే, నువ్వు సగం జరిమానాతో కొత్త కాటా కొనుక్కోవయ్యా అన్నట్టుంది. ఆ పరిశోధన ఫలితం మీద ప్రభుత్వానికి హక్కులు ఉంటాయిలెండి, అది కూడా చెప్పాలి. అయినా పోటీదారు తన సొంత డబ్బుతో చేసుకోవాల్సిన పనిని, నేరం ఒప్పుకున్న కంపెనీ జరిమానా ఖాతాలో చేసింది. ఇంకా, నేరం రుజువైతే ఎగుమతి లైసెన్సులు ఇవ్వకుండా నిషేధించే నియమం ఉంది. దాన్ని కంపెనీ మొత్తానికి కాక ఆ ఒక్క విభాగానికి పరిమితం చేశారు. ఇరాక్‌లోనూ అఫ్ఘానిస్తాన్‌లోనూ సైనికులకి కళ్ళద్దాలు కావాలి మరి. ఇంత నేరం కంపెనీ ఒప్పుకుంది, జైలుకెళ్ళిన మనిషి ఒక్కడూ కనబడడు.

ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్ సంగతి. జాన్ రీస్ రాత్ అని టెనెస్సీ విశ్వవిద్యాలయంలో ప్లాస్మా శాస్త్రం ప్రొఫెసర్ ఉండేవాడు. నాక్స్‌విల్‌లోని ఒక చిన్న కంపెనీకి అమెరికా వైమానిక దళం కాంట్రాక్టు వచ్చింది, డ్రోన్ల రెక్కల మీద గాలిని ప్లాస్మాతో అదుపు చేయడం గురించి. రాత్ ఆ కంపెనీ కింద పని తీసుకుని, ఇద్దరు పరిశోధక విద్యార్థులని పెట్టుకున్నాడు. ఒకరిది చైనా, ఒకరిది ఇరాన్. 2006లో ఉపన్యాసాలివ్వడానికి చైనా వెళ్తూ ఆ ప్రాజెక్టు కాగితాలున్న ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళాడు. 2008లో జ్యూరీ దోషి అంది. 2009 జులైలో నాలుగేళ్ళ శిక్ష పడింది. అప్పటికే ఆయన డెబ్బై దాటినవాడు. అప్పీలు ఓడిపోయి 2012లో జైలుకి వెళ్ళాడు. ఆ చిన్న కంపెనీ నేరం ఒప్పుకుంది, అక్కడ పనిచేసిన శాస్త్రవేత్త ఒకరు కూడా జైలుకి వెళ్ళాడు.

ఇంకో ల్యాప్‌టాప్. నిజానికి ఒకటి కాదు, కొన్ని. పాత రేథియాన్ కలిసిన ఆర్‌టీఎక్స్ కంపెనీ మీద విదేశాంగ శాఖ 750 ఉల్లంఘనలు చూపించింది. వాటిలో ఉద్యోగులు నియంత్రిత సమాచారం ఉన్న కంపెనీ ల్యాప్‌టాప్‌లతో రష్యా, ఇరాన్, లెబనాన్ వెళ్ళిన సందర్భాలున్నాయి. చైనాకి వెళ్ళిన సమాచారం సంగతి వేరే. 2024 ఆగస్టులో రాజీ కుదిరింది. జరిమానా 20 కోట్ల డాలర్లు. అందులో 10 కోట్లు కట్టక్కర్లేదు, కంపెనీ లోపల నిబంధనల అమలు మెరుగుపరచుకోవడానికి ఖర్చు పెట్టుకోవాలి. 2023లో ఆ కంపెనీ అమ్మకాలు 6,890 కోట్ల డాలర్లు. 365తో భాగించి చూడండి. రోజుకి 19 కోట్లకి కొంచెం తక్కువ. అంటే మొత్తం జరిమానా ఒక రోజు అమ్మకాలకి కాస్త ఎక్కువ, నిజంగా ఖజానాకి కట్టేది పూట అమ్మకాలు.

రాత్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. విశ్వవిద్యాలయంలో ఎగుమతి నిబంధనలు చూసే అధికారి ఆయనకి ముందే హెచ్చరిక చేసింది. తెలిసీ వెళ్ళాడని జ్యూరీ నమ్మింది. నేనైనా అలాగే నమ్మేవాణ్ణేమో. ఆర్‌టీఎక్స్ ఆ తప్పుల్ని తనే బయటపెట్టింది, చాలావరకు తాను కొన్న వేరే కంపెనీ నుంచి వచ్చిన పాత కంపు. చట్టం చదివినవాళ్ళు ఇక్కడే ఆపి, ‘చూశావా, ఒకటి కావాలని చేసింది, ఇంకోటి పొరపాటు, పోలికే లేదు’ అంటారు.

ఆ మాటలోనే ఉంది కిటుకంతా. ‘కావాలని’ అనడానికి ఒక మనసు కావాలి. ప్రొఫెసర్‌కి ఒకే తల ఉంది, అందులో హెచ్చరికా ఉంది, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాలన్న నిర్ణయమూ ఉంది. పెద్ద కంపెనీలో హెచ్చరిక ఒకరి దగ్గరుంటుంది, నిర్ణయం ఇంకొకరిది, సంతకం మూడోవాడిది, ఆ ముగ్గురూ మూడు రాష్ట్రాల్లో ఉంటారు. ఎవరికీ పూర్తిగా తెలియదు కాబట్టి ఎవరూ కావాలని చేసినట్టు కాదు. మా షాపులో అయితే హెచ్చరిక, నిర్ణయం, సంతకం మూడూ నా బల్ల మీదే ఉండేవి. రేపు ఏదైనా జరిగితే ‘నాకు తెలియదు’ అనే సౌకర్యం నాకు లేదు.

నిబంధనల అమలు బాగా ఉంటే శిక్ష తగ్గించాలనడం కూడా వినడానికి న్యాయంగానే ఉంటుంది. విభాగం ఉందా, శిక్షణ ఇచ్చారా, ఆడిట్ చేయించారా, తమంతట తాము చెప్పారా? ఈ ప్రశ్నలన్నిటికీ అవును అని చెప్పుకోవాలంటే డబ్బుండాలి. ఏడుగురు లైన్లోకి వచ్చే కంపెనీకి ఆ మార్కులన్నీ పడతాయి. తప్పు జరిగాక, దానివల్ల పడిన జరిమానాలో సగంతో ఎనిమిదో మనిషిని పెట్టుకుంటుంది, వచ్చేసారి ఇంకో మార్కు.

పెద్దవాళ్ళ వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ళు రోజూ వేల కాగితాలు, పార్సిళ్ళు, ఈమెయిళ్ళు పంపుతారు. ఆరేళ్ళలో 750 అంటే, లెక్కేస్తే మా షాపు కన్నా తప్పుల శాతం తక్కువే ఉండొచ్చు. ఆరుగురికి ఈమెయిల్ పంపి ఒకటి తప్పిన మాకు శాతాల గురించి మాట్లాడే అర్హత లేదు. నేను తప్పుల సంఖ్య గురించి కాదు మాట్లాడుతున్నది, తప్పు బయటపడ్డాక నడిచే వ్యవహారం గురించి.

ఆ వ్యవహారం అసలు రంగు బీఏఈ సిస్టమ్స్ కేసులో కనబడుతుంది. బ్రిటన్ కంపెనీ. ఆయుధాల అమ్మకాల్లో కమీషన్ల విషయం దాచిపెట్టి అమెరికా ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 2010లో నేరం ఒప్పుకుని 40 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మరుసటి ఏడాది విదేశాంగ శాఖ 2,591 ఉల్లంఘనలు చూపించి ఇంకో 7.9 కోట్లు వేసింది. నేరం రుజువైంది కాబట్టి చట్టప్రకారం ఎగుమతి నిషేధం పడాలి. పడింది. పడ్డ వెంటనే రద్దయింది. నిషేధిస్తే అమెరికా సైన్యానికి సరుకెలా, మిత్రదేశం ఏమంటుంది? విదేశాంగ శాఖ నిషేధించినవాళ్ళ జాబితా ఎప్పటికప్పుడు బయటపెడుతుంది. తీసి చదివితే చాలావరకు మనుషుల పేర్లే. తుపాకీ భాగాలు అట్టపెట్టెలో దాచి పంపినవాడు, రాత్రి చూపు కళ్ళద్దాలు ఇంటర్నెట్లో అమ్మినవాడు. వాళ్ళకి పడాల్సిందే, కాదనను. వాళ్ళని నిషేధిస్తే ఏ విమానమూ ఆగిపోదు కాబట్టి పడిందన్నది కూడా నిజమే.

ఇక్కడ జడ్జి కొనుగోలుదారు కూడా. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పాలవాడు పాలల్లో నీళ్ళు కలిపాడని తెలిసినా, రేపు పొద్దున కాఫీ సంగతి ఆలోచించి ఊరుకునే గృహిణి పరిస్థితి ప్రభుత్వానిది.

కంపెనీ లోపల కూడా ఈ పెద్దాచిన్నా ఉంటుంది. జర్మనీలో హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ 2006-2009 మధ్య మెక్సికోకి జీ36 రైఫిళ్ళు పంపింది. కొన్ని రాష్ట్రాలకి వెళ్ళకూడదన్న షరతు మీద ప్రభుత్వం అనుమతిచ్చింది. వేల తుపాకులు ఆ రాష్ట్రాలకే చేరాయి. 2019లో స్టుట్‌గార్ట్ కోర్టు కంపెనీ నుంచి 37 లక్షల యూరోలు జప్తు చేయమంది. శిక్ష పడింది ఇద్దరికి, ఒక అమ్మకాల అధికారికీ, ఒక గుమాస్తా స్థాయి ఉద్యోగినికీ. అదీ జైలుకి వెళ్ళక్కర్లేని శిక్ష. పై అధికారులు నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్ళలో ఒకాయన ఆ ఉద్యోగానికి ముందు జిల్లా కోర్టుకి అధ్యక్షుడిగా పనిచేసిన జడ్జి. తుపాకులు ఎక్కడికెళ్తాయో ప్రభుత్వానికి చెప్పే పత్రాల మీద ఏ రాష్ట్రం పేరు రాయాలో ఆ ఉద్యోగిని ఒక్కతే నిర్ణయించిందని మీరు నమ్మితే నమ్మండి.

ఇవన్నీ ఒక ఎత్తు, జపాన్ కేసు ఒక ఎత్తు. అది చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు.

యొకొహామాలో ఓకవరా కాకోకి అని దాదాపు 90 మంది పనిచేసే కంపెనీ ఉంది. స్ప్రే డ్రయర్లు చేస్తుంది. ద్రవాన్ని వేడిగాలిలోకి చిమ్మితే పొడి అవుతుంది కదా, ఆ యంత్రం. ఇన్‌స్టంట్ కాఫీ, సూప్ పొడి, మందులు ఇలాగే తయారవుతాయి. సూక్ష్మజీవుల్ని పొడి చేయడానికీ పనికొస్తాయన్న అనుమానంతో కొన్ని రకాల డ్రయర్లకి ఎగుమతి లైసెన్సు కావాలి. ఏ రకాలకి? విడదీయకుండానే లోపలంతా క్రిమిరహితం చేయగలిగితే కావాలి, లేకపోతే అక్కర్లేదు. వీళ్ళ యంత్రానికి ఆ ఏర్పాటు లేదు. అందుకే లైసెన్సు లేకుండా చైనాకీ దక్షిణ కొరియాకీ పంపారు.

టోక్యో పోలీసుల పబ్లిక్ సెక్యూరిటీ విభాగం ఒక కొత్త వాదన తెచ్చింది. యంత్రాన్ని ఖాళీగా తిప్పి వేడెక్కిస్తే క్రిములు చస్తాయిగా, అదీ క్రిమిరహితం చేయడమేగా అని. 2020 మార్చిలో అధ్యక్షుణ్ణి, ఒక డైరెక్టర్ని, 72 ఏళ్ళ సలహాదారుణ్ణి అరెస్టు చేశారు. లోపల కొన్ని మూలలు అంత వేడెక్కవని ఉద్యోగులు చెబుతూనే ఉన్నారు. కొలిచి కూడా చూపించారు. బెయిలు మళ్ళీ మళ్ళీ అడిగినా నెలల తరబడి ఇవ్వలేదు. ఇద్దరు 11 నెలలు లోపలే ఉన్నారు. సలహాదారుడికి నిర్బంధంలో ఉండగానే కడుపు క్యాన్సర్ బయటపడింది. అప్పుడూ బెయిలు రాలేదు. 2021 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో, ముద్దాయిగానే పోయాడు. అదే ఏడాది జులై చివర, ఇంకో నాలుగు రోజుల్లో విచారణ మొదలవుతుందనగా, ప్రాసిక్యూటర్లు కేసు వెనక్కి తీసుకున్నారు. తర్వాత కంపెనీ వేసిన దావాలో, దర్యాప్తు చేసిన పోలీసు అధికారుల్లో ఒకరు బోనెక్కి ఇది కల్పించిన కేసని ఒప్పుకున్నారు. 2023 డిసెంబరులో జిల్లా కోర్టు, 2025 మేలో హైకోర్టు అరెస్టులు చట్టవిరుద్ధమన్నాయి. పరిహారం 16.6 కోట్ల యెన్‌లు. 2025 ఆగస్టులో పెద్ద అధికారులు ఆ సలహాదారుడి సమాధి దగ్గరికి వెళ్ళి తలలు వంచి క్షమాపణ చెప్పారు.

అదే దేశంలో 1980ల తోషిబా మెషిన్ కేసు గుర్తు చేసుకోండి. జలాంతర్గాముల ప్రొపెల్లర్లు నిశ్శబ్దంగా తిరిగేలా చెక్కగల తొమ్మిది అక్షాల యంత్రాలని, ఇవి మామూలు యంత్రాలే అని అబద్ధపు కాగితాలు పుట్టించి సోవియట్ యూనియన్‌కి అమ్మారు. రచ్చ మామూలుగా జరగలేదు. అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు వాషింగ్టన్‌లో తమ పార్లమెంటు భవనం ముందు తోషిబా రేడియోని సుత్తులతో పగలగొట్టారు. మాతృసంస్థ ఛైర్మన్, అధ్యక్షుడు 1987 జులైలో రాజీనామా చేశారు. ఆ తర్వాత కోర్టులో? కంపెనీకి 20 లక్షల యెన్‌ల జరిమానా. ఇద్దరు ఉద్యోగులకి ఏడాదీ, పది నెలలూ, అదీ జైలుకి వెళ్ళక్కర్లేకుండా. నిజంగా తప్పు చేసిన పెద్ద కంపెనీ మనుషులు ఇంట్లో పడుకున్నారు, ఏ తప్పూ చేయని చిన్న కంపెనీ మనిషి ముద్దాయిగా చచ్చిపోయాడు. కాలం వేరు, నిజమే. ఎవరి మీద చెయ్యి వేస్తే తిరగబడరో లెక్కేసుకోవడం మాత్రం ఏ కాలంలోనైనా ఒక్కటే.

ఇదంతా అమెరికా, జపాన్ గొడవ, మనకెందుకంటారా? హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్ ఉంది. 2007లో అమెరికాలో భారత మూలాలున్న ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వ్యాపారిని అరెస్టు చేశారు. ఆ సంస్థకీ, తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికీ లైసెన్సు లేకుండా చిప్పులు వగైరా పంపాడని. నేరం ఒప్పుకున్నాడు. సరుకు ఎవరికి వెళ్తోందో దాచి కాగితాలు పెట్టాడు కాబట్టి అమాయకుడని అనలేం. 2008 జూన్‌లో 35 నెలల జైలు. 2011 జనవరిలో అమెరికా ఆ రెండు సంస్థల్నీ, వాటితో పాటు శ్రీహరికోటనీ, కంచన్‌బాగ్‌లోనే ఉన్న క్షిపణి పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌నీ తన ఆంక్షల జాబితాలోంచి తీసేసింది. క్షిపణికి వాడే భాగాలకి లైసెన్సు అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. కాని వాతావరణం మారిపోయింది. ఇప్పుడు అపాచీ హెలికాప్టర్ల బాడీలు మన ఆదిభట్లలో తయారవుతున్నాయి. స్నేహం కుదిరినప్పుడు తలుపులు పెద్ద కంపెనీల కోసం తెరుచుకుంటాయి. తలుపు మూసి ఉన్న రోజుల్లో కిటికీలోంచి దూరినవాడు చిన్నవాడు.

మన దేశానికీ ఇలాంటి జాబితా ఉంది, స్కోమెట్ అంటారు. అందులో ఆరో తరగతి ఆయుధాలది, రక్షణ ఉత్పత్తుల శాఖ చూస్తుంది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు, అందులో ప్రైవేటు రంగానిది 15,233 కోట్లు. ఆ ప్రైవేటు రంగం కింద బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల షెడ్లలో జాబ్ వర్క్ చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో. రేపు ఇక్కడ మొదటి పెద్ద ఉల్లంఘన కేసు పడిన రోజున తల ఎవరిది దొరుకుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

నన్నడిగితే, జరిమానా అమ్మకాలతో ముడిపడాలి. రోజు అమ్మకాలు కాదు, నెల అమ్మకాలు. జరిమానా అన్నది ఖజానాకే వెళ్ళాలి, కంపెనీ సొంత ఇల్లు బాగుచేసుకోవడానికి కాదు. నిషేధించడం కుదరదు, ఆ సరుకు ఇంకెవరి దగ్గరా దొరకదు అని ప్రభుత్వం అనుకుంటే ఆ మాటే నోటీసులో రాయాలి. రెండో తయారీదారుని ఎప్పటిలోగా తయారుచేస్తారో కూడా రాయాలి. పెద్ద కంపెనీలో ప్రతి లైసెన్సు వెనక సంతకం పెట్టిన పై అధికారి పేరు ఉండాలి. మా షాపులో నా పేరు ఉన్నట్టు. చిన్నవాళ్ళని వదిలేయమని అడగడం లేదు. దొంగ కంపెనీ పెట్టాలంటే చిన్న కంపెనీయే పెడతారని నాకూ తెలుసు. నేనడిగేది ఇంతే. ‘ఈ ముక్క జాబితాలో ఉందా లేదా’ అని చిన్నవాడు ముందే అడిగితే, నెలల తరబడి కూర్చోబెట్టకుండా వారంలో జవాబు చెప్పే మనిషి ఒకడు ప్రభుత్వం వైపు ఉండాలి. లాయరు అక్కర్లేకుండా.

మా బావమరిదికి బాలానగర్‌లో షెడ్డు ఉంది. రెండు సీఎన్‌సీ మెషిన్లు, ఆరుగురు పనివాళ్ళు. నెల కిందట ఫోన్ చేశాడు. “బావా, విదేశాలకి వెళ్ళే అసెంబ్లీకి పిన్నులు చెయ్యమని పెద్ద ఆర్డరొచ్చింది. పన్నెండు పేజీల అగ్రిమెంటు పంపారు. ఎగుమతి రూల్సులో ఏ తేడా వచ్చినా బాధ్యత నాదేనట. అసలు అది దేనికి పెడతారో కూడా వాళ్ళు చెప్పట్లేదు.”

స్కోమెట్ జాబితాలో ఉందో లేదో, ఉంటే ఏ నంబరో కాగితం మీద రాసివ్వమను, ఇచ్చేదాకా సంతకం పెట్టకు అన్నాను.

“అలా అడిగితే ఆర్డరు పక్క షెడ్డుకి పోతుంది బావా.”

మొన్న ఆదివారం మళ్ళీ మాట్లాడాను. సంతకం పెట్టేశాడు. పిన్నులు బాగా వస్తున్నాయట, ఇంకో మెషిన్‌కి బ్యాంకు లోను అడుగుతున్నాడట.